ఆటో ఇమ్యూన్ వ్యాధులు: జబ్బును మించిన ముప్పు ఆలస్యమే

సంత్రాగాఛి (కోల్‌కతా): హుగ్లీ నదికి పశ్చిమాన, హౌరా నగరంలో ఉన్న సంత్రాగాఛి జంక్షన్ నుంచి చెన్నై, తిరుపతి, మంగళూరు నగరాలకు నేరుగా రైళ్లు బయలుదేరుతాయి. ఒడిశా దాటాక ఇచ్ఛాపురం మొదలుకొని తెలుగు తీరం వెంబడి సాగే ఈ మార్గంలో వలస కార్మికులు, యాత్రికులు, విద్యార్థులతో పాటు వైద్యం కోసం దక్షిణాదికి వెళ్లే బెంగాల్ కుటుంబాలు కూడా దశాబ్దాలుగా ప్రయాణిస్తున్నాయి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వెళ్లేవారు కాట్పాడిలో దిగుతారు. మరికొందరు చెన్నైకో, హైదరాబాద్‌కో చేరుకుంటారు. వీరిలో గుండె, క్యాన్సర్, మూత్రపిండాల రోగులే కాదు, నెలల తరబడి కీళ్లు వాచి, జ్వరం తగ్గక, తమ జబ్బు పేరేమిటో తెలియక విసిగిపోయినవారూ ఉంటారు.

అలాంటి వారిలో కొందరికి చివరకు నిర్ధారణ అయ్యేవి ఆటో ఇమ్యూన్ వ్యాధులు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలంపైనే దాడి చేయడం వీటి లక్షణం. వీటిలో అధిక భాగాన్ని సమూలంగా నయం చేసే మార్గం ఇంకా లేకపోయినా, అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. ఆ మందుల్లో కొన్ని చవకైనవి కూడా. అయినప్పటికీ ఎందరో రోగులు కీళ్లు వంకరపోయాకో, మూత్రపిండాలు దెబ్బతిన్నాకో సరైన వైద్యుణ్ని చేరుతున్నారు. తొలి లక్షణానికీ, వ్యాధి నిర్ధారణకూ మధ్య గడిచిపోయే ఈ కాలమే అసలు సమస్య.

దేహం తన వారిని మరచిపోతే

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, శరీరం తనపై తానే దాడి చేసుకోకుండా ప్రకృతి ఏదో ఒక కట్టడి పెట్టి ఉంటుందని ప్రతిపాదించారు. ఆ మాటను ఆయన తర్వాతి తరాలు, అలాంటి దాడి జరగడమే అసంభవం అన్నట్టుగా అర్థం చేసుకున్నాయి. 1956లో థైరాయిడ్ రోగుల రక్తంలో సొంత గ్రంథికి వ్యతిరేకంగా పనిచేసే ప్రతిరక్షకాలు బయటపడ్డాక ఆ అభిప్రాయం మారింది. కట్టడి ఉన్న మాట నిజమే, అది తప్పిపోయే సందర్భాలూ ఉన్నాయని తేలింది.

ఆ కట్టడి ఎలా పనిచేస్తుందో వివరించినందుకే 2025 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు ఈ పురస్కారాన్ని అక్టోబర్ 6న ప్రకటించారు. అతిగా స్పందించే కణాలను అదుపు చేసే ప్రత్యేక కణాలు ఉన్నాయని సకగుచి 1995లో చూపారు. వాటిని ఇప్పుడు రెగ్యులేటరీ టీ కణాలు అంటున్నారు. ఫాక్స్‌పీ3 అనే జన్యువులో లోపం తలెత్తితే ఎలుకల్లోనూ, పసిపిల్లల్లోనూ తీవ్రమైన ఆటో ఇమ్యూన్ వ్యాధి వస్తుందని 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ గుర్తించారు. ఆ జన్యువే ఈ కాపలా కణాల ఎదుగుదలను నిర్దేశిస్తుందని 2003లో సకగుచి నిరూపించారు.

ఈ పరిశోధన సామాన్యునికి చెప్పే విషయం ఒకటుంది. ఆటో ఇమ్యూన్ వ్యాధికి కారణం రోగనిరోధక శక్తి తగ్గడం కాదు, దానిపై అదుపు తప్పడం. కనుక కరోనా కాలం నుంచి విపణిలో వెల్లువెత్తిన ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, కషాయాలు ఈ రోగులకు మేలు చేస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో ఆటో ఇమ్యూన్ తరహా కాలేయ వ్యాధిని గుర్తించామని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. ఆ నిర్ధారణతో ఆయుష్ మంత్రిత్వ శాఖ విభేదించింది. వాదం ఎలా ఉన్నప్పటికీ, ఈ వ్యాధులున్నవారు వైద్యునికి చెప్పకుండా ఏ మూలికనూ వాడకపోవడం ఉత్తమం.

మహిళలకే ఎక్కువ ముప్పు

ఆటో ఇమ్యూన్ వ్యాధులు 80కి పైగా ఉన్నాయి. విడివిడిగా చూస్తే చాలావరకు అరుదుగా కనిపిస్తాయి. కలిపి లెక్కిస్తే చిత్రం మారుతుంది. బ్రిటన్‌లో 2.2 కోట్ల మంది ఆరోగ్య రికార్డులను పరిశీలించి 2023లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, 19 ఆటో ఇమ్యూన్ వ్యాధులు కలిసి జనాభాలో దాదాపు 10 శాతం మందిని బాధిస్తున్నాయని తేల్చింది. మహిళల్లో ఇది 13 శాతం, పురుషుల్లో 7 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి ప్రపంచవ్యాప్తంగా 1.8 కోట్ల మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో జీవిస్తున్నారు. వారిలో సుమారు 70 శాతం మహిళలు. లూపస్ రోగుల్లోనైతే ప్రతి పది మందిలో తొమ్మిది మంది మహిళలే.

దీనికి హార్మోన్లు, జన్యువులు రెండూ కారణాలని భావిస్తున్నారు. స్త్రీలలో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నిద్రాణంగా ఉంచే అణువు, దానికి అంటిపెట్టుకునే ప్రోటీన్లు ఈ పొరపాటు దాడికి దోహదం చేయవచ్చని 2024లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

సామాజిక కారణం మరొకటి ఉంది. దాని వల్ల జబ్బు రాదు, జబ్బును గుర్తించడం ఆలస్యమవుతుంది. ఇంటిపని చేసే స్త్రీ ఒళ్లునొప్పులు, నీరసం అన్నప్పుడు రక్తహీనత అనో, మనోవ్యథ అనో, వయసు ప్రభావం అనో కొట్టిపారేయడం మన ఇళ్లలో మామూలే. 2022 అక్టోబర్‌లో నటి సమంత తనకు మయోసైటిస్ ఉన్నట్టు ప్రకటించినప్పుడు ఆ పదాన్ని మొదటిసారి విన్న తెలుగు ప్రేక్షకులు ఎందరో. ఆమె ప్రకటన ఒక జబ్బుకు పేరు తెచ్చింది. అదే కోవకు చెందిన మిగతా జబ్బుల తొలి గుర్తులు మాత్రం ఇంకా జనసామాన్యానికి చేరలేదు.

ఏ గుర్తు దేనికి సంకేతం?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ సాధారణంగా చేతివేళ్లు, మణికట్టు, పాదాల్లోని చిన్న కీళ్లతో మొదలవుతుంది. రెండు వైపులా వాపు వస్తుంది. ఉదయం లేవగానే వేళ్లు పట్టేసి, సడలడానికి అరగంట నుంచి గంటకు పైగా పడుతుంది. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదలలో ఉదయపు బిగుతు త్వరగా తగ్గిపోయి, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఈ తేడాను అడిగి తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అవసరం లేదు. అయితే చికున్‌గన్యా తర్వాత కూడా నెలల తరబడి ఇలాంటి నొప్పులే ఉండవచ్చు. 2006లో తెలుగు జిల్లాలను కుదిపిన ఆ జ్వరం మిగిల్చిన అనుభవం వల్ల కీళ్లవాపును ‘జ్వరం తాలూకు నొప్పులే’ అనుకొని వదిలేయడం సులువైంది. ఆరు వారాలు దాటినా వాపు తగ్గకపోతే అలా వదిలేయకూడదు.

లూపస్ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల స్త్రీలలో కనిపిస్తుంది. బుగ్గలు, ముక్కు మీదుగా సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రటి మచ్చ, ఎండ సోకితే దద్దుర్లు, నోటిలో పుండ్లు, జుట్టు రాలడం, విడవని జ్వరం, కీళ్లనొప్పులు దీని గుర్తులు. మూత్రంలో నురగ, కాళ్లవాపు మూత్రపిండాలు దెబ్బతింటున్నాయనడానికి సూచన. అవి కూడా లేకుండా లోలోపలే హాని జరగవచ్చు. అందుకే సాధారణ మూత్ర పరీక్ష, రక్తపోటు కొలత ఈ జబ్బులో ఎంతో విలువైనవి. పదేపదే గర్భస్రావం కావడం వెనుక కూడా కొన్నిసార్లు ఈ కోవకు చెందిన జబ్బే ఉంటుంది.

హషిమోటో థైరాయిడ్ వ్యాధిలో అలసట, బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం కనిపిస్తాయి. గ్రేవ్స్ వ్యాధిలో ఇందుకు విరుద్ధంగా బరువు తగ్గడం, గుండె దడ, కనుగుడ్లు ముందుకు పొడుచుకురావడం ఉంటాయి. షోగ్రెన్ వ్యాధిలో కళ్లు, నోరు ఎండిపోతాయి. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ యువకుల్లో ఎక్కువ. ఈ నడుము నొప్పి విశ్రాంతితో పెరుగుతుంది, తెల్లవారుజామున నిద్ర లేపుతుంది, కదిలితే తగ్గుతుంది. మయోసైటిస్‌లో నొప్పి కంటే బలహీనతే ముఖ్యం. పీట మీద నుంచి లేవలేకపోవడం, తల దువ్వుకోవడానికి చేయి ఎత్తలేకపోవడం, మింగడం కష్టమవడం దాని గుర్తులు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం మయస్థీనియా గ్రావిస్‌కు సూచన.

పిల్లల్లో విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, హఠాత్తుగా బరువు తగ్గడం టైప్ 1 మధుమేహానికి సంకేతాలు. ఇదీ ఆటో ఇమ్యూన్ వ్యాధే. ఇన్సులిన్ తప్ప వేరే మార్గం లేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే అది అత్యవసర స్థితి. ఇక బొల్లి, సోరియాసిస్ కూడా రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడం వల్ల వచ్చేవే. ఇవి అంటువ్యాధులు కావు. ఈ ఒక్క విషయం తెలిస్తే ఎన్నో పెళ్లిచూపుల్లో, తరగతి గదుల్లో జరిగే అవమానం తప్పుతుంది.

ఈ జాబితాలోనే ఆలస్యానికి కారణం దాగి ఉంది. మచ్చ వస్తే చర్మ వైద్యుని వద్దకు, కీలు వాస్తే ఎముకల వైద్యుని వద్దకు, నోటిపుండుకు దంత వైద్యుని వద్దకు, గర్భస్రావమైతే స్త్రీల వైద్యురాలి వద్దకు వెళతారు. ఒకే జబ్బు నాలుగు చీటీల్లో నాలుగు పేర్లతో మిగిలిపోతుంది. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఉండరు.

గంటల్లో స్పందించవలసిన వ్యాధి

గిలియన్ బారే సిండ్రోమ్ విషయంలో ఆలస్యాన్ని నెలల్లో కాదు, గంటల్లో లెక్కించాలి. 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరగడంతో దేశం దృష్టి దీనిపై పడింది. ఆ నెలాఖరుకు పశ్చిమ బెంగాల్‌లో, ఫిబ్రవరిలో గుంటూరు, హైదరాబాద్‌లలో కూడా మరణాల వార్తలు వచ్చాయి. కలుషిత నీరు, ఆహారం ద్వారా వచ్చే కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులతో పోరాడే ప్రతిరక్షకాలు, ఆ సూక్ష్మజీవిని పోలిన నిర్మాణాలు ఉన్న నరాలపై దాడి చేయడమే ఈ జబ్బుకు మూలం.

విరేచనాలో, జలుబు జ్వరమో తగ్గిన వారం రెండు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై, రెండు కాళ్లలోనూ బలహీనత పైపైకి పాకుతుంటే ఆసుపత్రికి వెళ్లడంలో జాప్యం చేయరాదు. శ్వాస కండరాలకు చేరితే వెంటిలేటర్ అవసరమవుతుంది. ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి తొలి దశలో బాగా పనిచేస్తాయి. సకాలంలో చికిత్స అందినవారిలో ఎక్కువ మంది కోలుకుంటారు. సూక్ష్మజీవి ద్వారా మొదలైన సందర్భాల్లోనూ ఈ పక్షవాతం ఒకరి నుంచి మరొకరికి నేరుగా అంటదు కనుక భయాందోళన అనవసరం. సురక్షితమైన తాగునీరు మాత్రం అవసరం.

పరీక్ష ఒక్కటే తీర్పు కాదు

రక్తపరీక్షలు సహాయకారులే గాని తీర్పరులు కావు. ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్ అని చూసి లూపస్ వచ్చిందని కుంగిపోయేవారు ఎందరో. 1:40 స్థాయిలో ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు మూడో వంతు మందికి, 1:160 స్థాయిలో సుమారు 5 శాతం మందికి ఇది పాజిటివ్‌గా వస్తుందని అంతర్జాతీయ అధ్యయనం 1997లోనే చూపింది. మరోవైపు రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం లేదని చెప్పలేం. లక్షణాలు ముందు, పరీక్ష తర్వాత అనే క్రమం తప్పితే, అవసరం లేనివారికి మందులు, అవసరమైనవారికి నిర్లక్ష్యం మిగులుతాయి.

భీమవరం బిడ్డ మిగిల్చిన ఔషధం

చికిత్స కథలో తెలుగువారు గర్వించదగ్గ అధ్యాయం ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ ఆమ్లానికి అడ్డుపడే మందులనూ రూపొందించింది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సర్‌కు వాడుకలోకి వచ్చింది. సుబ్బారావు 1948 ఆగస్టులో మరణించారు. నాలుగు దశాబ్దాల తర్వాత, 1988లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఆమోదించింది. నేడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు వైద్యులు తొలుత రాసే మందు అదే. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం. రోగి మందుల డబ్బాలోని ఆ రెండు మాత్రల వెనుకా ఒకే తెలుగు శాస్త్రవేత్త కృషి ఉంది.

అయితే కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం కావచ్చు. అందుకే ఏ వారం వేసుకోవాలో చీటీపై తెలుగులో స్పష్టంగా రాయించుకోవాలి. గర్భం దాల్చే ఆలోచన ఉన్న స్త్రీలు ముందుగానే వైద్యునికి చెప్పాలి. లూపస్ చికిత్సకు మూలస్తంభం వంటి హైడ్రాక్సీక్లోరోక్విన్ 2020లో కరోనా మందుగా ప్రచారం కావడంతో పలు దేశాల్లో లూపస్ రోగులకు దొరకని పరిస్థితి ఏర్పడింది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ కోల్‌కతాలో స్థాపించిన బెంగాల్ కెమికల్స్ ఆ మందు తయారీ అనుమతితో అప్పట్లో వార్తల్లోకెక్కింది. దీర్ఘకాలం వాడేవారికి కంటి పరీక్షలు తప్పనిసరి.

స్టెరాయిడ్లు మంట ఆర్పడంలో వేగవంతమైనవి. అందుకే దుర్వినియోగం కూడా ఎక్కువ. వాటిని కలిపిన పేరులేని పొడులను ‘కీళ్ల మందు’గా అమ్మేవారు ఉంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి. ఎముకల బలహీనత, మధుమేహం, ఇన్ఫెక్షన్లు తర్వాత వచ్చే మూల్యం. వైద్యుడు రాసిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. కొత్త తరం బయోలాజిక్ ఇంజెక్షన్లలో కొన్ని దాగి ఉన్న క్షయను తిరగబెట్టగలవు. కాబట్టి వాటిని ప్రారంభించే ముందు క్షయ పరీక్ష చేయించుకోవాలి.

మంచానికి బీమా, మాత్రకు లేదు

కోల్‌కతాలో వైద్యం లేదని చెప్పడం సరికాదు. అక్కడి ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రిలో, హైదరాబాద్‌లోని నిమ్స్‌లో కీళ్లవాత వ్యాధులకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. కానీ నిపుణులు నగరాల్లోనే ఉన్నారు, రోగులు అంతటా ఉన్నారు. జిల్లా స్థాయిలో మొదటి వైద్యుడు ఈ జబ్బును అనుమానించకపోతే, రోగి సొంత నిర్ణయంతో రైలెక్కుతాడు. అప్పటికి ఏడాదో, రెండేళ్లో గడిచి ఉంటాయి. కీళ్లలో శాశ్వత నష్టం ఎక్కువగా జరిగేది ఆ తొలి రెండేళ్లలోనే.

భాష కూడా ఒక అడ్డంకి. తిమ్మిరి, నొప్పి, పట్టేయడం, నిస్సత్తువ అనే నాలుగు మాటలు తెలుగులో నాలుగు వేర్వేరు జబ్బుల వైపు చూపిస్తాయి. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి ఖరగ్‌పుర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం బెంగాలీ వైద్యునితో, వేలూరు చేరిన బెంగాలీ కుటుంబం తమిళ నర్సుతో మాట్లాడేటప్పుడు ఆ నాలుగూ ‘నొప్పి’ అనే ఒక్క మాటగా కుదించుకుపోయే ప్రమాదం ఉంది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబర్‌లో నిర్ణయించింది. ఆ హోదా ఆసుపత్రి కిటికీ దాకా వస్తేనే రోగికి ప్రయోజనం.

అన్నిటికంటే పెద్ద లోటు ప్రభుత్వ వైద్య విధానంలో ఉంది. 2016లో బెంగాల్ ప్రారంభించిన స్వాస్థ్య సాథి, 2018లో కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు కోసం రూపొందాయి. ఆటో ఇమ్యూన్ రోగికి ప్రతి నెలా కావలసింది మందు, కొన్ని నెలలకోసారి రక్త, మూత్ర పరీక్షలు, వైద్యుని సలహా. మూత్రపిండం పాడై డయాలసిస్‌కు వస్తే ఆదుకునే వ్యవస్థ, అది పాడవకుండా చూసే చిన్న ఖర్చును రోగికే వదిలేస్తోంది.

30 ఏళ్లు దాటినవారికి ఊరూరా జరిగే ప్రభుత్వ పరీక్షల్లో రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను చూస్తున్నారు. అదే ఇంటి గడపలో ఆశా కార్యకర్త మరో రెండు ప్రశ్నలు అడగవచ్చు. ఉదయం వేళ్లు అరగంటకు మించి పట్టేస్తున్నాయా? ఆరు వారాలు దాటిన కీళ్లవాపు, జ్వరం, లేదా మచ్చ ఉందా? అవునని చెప్పినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూత్ర పరీక్ష చేసి, నెలకొకసారైనా జిల్లా ఆసుపత్రికి వచ్చే నిపుణుని వద్దకు పంపితే, ఎందరి చేతివేళ్లో వంకరపోకుండా మిగులుతాయి. ఇందుకు కొత్త మందు కనిపెట్టవలసిన పని లేదు, కొత్త భవనమూ అక్కరలేదు. రోగి చెప్పే మాటను ఆరు వారాల లోపు ఎవరో ఒకరు శ్రద్ధగా వినే ఏర్పాటు ఉంటే చాలు.